బాటా, విజేతా: స్పీడ్‌వే చరిత్రలో ఒక ప్రశ్న

స్పీడ్‌వే మోటారుసైకిలుకు బ్రేకులుండవు; గేరు ఒక్కటే. అపసవ్యదిశలో నాలుగు చుట్లు సాగే ఈ పందెంలో వాహనం అదుపు చాలావరకు వెనుక చక్రం కింద జారే మట్టిపైనే ఆధారపడుతుంది. అందుచేత బాట మారితే పోటీ స్వభావమే మారుతుంది. మలుపులు బిగువుగా ఉన్న చిన్న బాటపై ఆరంభంలో ముందున్నవాడిని దాటడం కష్టం. విశాలమైన బాటపై వెలుపలి అంచున పేరుకున్న వదులు మట్టిని పట్టుకొని వెనుకబడినవాడు సైతం ముందుకు రాగలడు. ఆ మట్టి కూడా ఒక్క సాయంత్రంలోనే చోటు మారుతుంది. పందేల నడుమ వెనుక చక్రపు స్ప్రాకెట్టు మార్చుకొనే అలవాటుకు ఒక కారణం ఇదే.

1936లో మొదలై 1994 వరకు, యుద్ధకాలం, ఆ వెంటనే వచ్చిన కొన్నేళ్లు మినహా, ప్రపంచ వ్యక్తిగత విజేతను తేల్చే తుది పోటీ ఏటా ఒకే బాటపై జరిగేది. 1973లో పోలండ్‌లోని హొజూఫ్‌లో స్థానికుడు యెజీ ష్చాకియెల్, అప్పటికే నాలుగుసార్లు విజేత అయిన న్యూజీలాండ్ వాసి ఐవన్ మాగర్ చెరి 13 పాయింట్లతో సమమయ్యారు. అదనపు పందెంలో మాగర్ పడిపోయాడు. ఈ విజయాన్ని సొంతగడ్డ చలవగా కొట్టివేయడం తొందరపాటు; మాగర్ కూడా ఆ మట్టిపైనే 13 సాధించాడు కదా! అయినా ఒక్క బాట తీర్పు ప్రపంచ తీర్పు కాగలదా?

1995లో వచ్చిన గ్రాండ్ ప్రీ పద్ధతిలో పాయింట్లు పలు నగరాల బాటలపై కూడసాగాయి. అయితే ఫుట్‌బాల్ మైదానాల్లో పరిచిన తాత్కాలిక బాటలు మరో చిక్కు తెచ్చాయి. 2015లో వార్సాలో బాట చెడి, ఆరంభ గేటు మొరాయించడంతో 12 పందేల తరువాత పోటీని నిలిపివేశారు.