ఆక్టెటో బ్యూనస్ ఐరెస్

ఆక్టెటో బ్యూనస్ ఐరెస్ అర్జెంటీనా రాజధానిలో 1955లో ఏర్పడిన ఎనిమిదిమంది టాంగో వాద్యకారుల బృందం. నాయకుడు ఆస్టర్ పియాజొల్లా (1921–1992). నాట్యానికి తోడుగా నడిచే టాంగోను కూర్చుని వినే సంగీతంగా తెగువతో మలిచిన బృందాల్లో ఇదొకటి.

పియాజొల్లా వాద్యం బాండోనియన్. తిత్తిని సాగదీస్తూ, మూస్తూ రెండు చేతులతో బొత్తాలు నొక్కి వాయించే ఈ వాద్యం జర్మనీలో పుట్టింది. యౌవనంలో ఆయన ఆనిబల్ ట్రొయిలో బృందంలో వాయిస్తూ, పాటలకు వాద్యరచన కూడా చేసేవాడు. నాట్యానికి ఎక్కడ అడ్డొస్తుందోనని ట్రొయిలో అందులో చాలా స్వరాలు కొట్టేసేవాడు. 1954లో పియాజొల్లా పారిస్ వెళ్లి సంగీత గురువు నాదియా బులాంజె దగ్గర చేరాడు. సింఫనీలు రాయాలని వచ్చిన శిష్యుడికి, నీ అసలు బలం టాంగోయేనని ఆమె తేల్చి చెప్పింది. జెర్రీ మల్లిగన్ జాజ్ బృందం ఆనందంగా వాయించే తీరు తనను కదిలించిందని కూడా ఆయన చెప్పేవాడు.

తిరిగొచ్చి కట్టిన బృందంలో రెండు బాండోనియన్లు, రెండు వయొలిన్లు, పియానో, చెల్లో, డబుల్ బేస్ ఉన్నాయి. వీటికి తోడు ఎలక్ట్రిక్ గిటార్! జాజ్ నుంచి వచ్చిన ఒరాసియో మాల్విసినో దాన్ని వాయిస్తూ అప్పటికప్పుడు మనోధర్మం చూపేవాడు. టాంగోలో అది అపచారంగా తోచింది. తనకు బెదిరింపులు వచ్చాయని మాల్విసినో తర్వాత చెప్పుకున్నాడు. నాట్యసభల్లో వాయించబోమని, డబ్బుకంటే కళే ముందని బృందం తన నియమావళిలో రాసుకుంది.

1957 ప్రాంతంలో వెలువడిన 'టాంగో ప్రోగ్రెసీవో', 'టాంగో మొదెర్నో' రికార్డులే దాని ఆస్తి. సభ్యుల కొత్త రచనలున్నా, అసలు సాహసం పాత బాణీల్లో కనిపిస్తుంది. 1897 నాటి 'ఎల్ ఎంత్రెరియానో'ను, హూలియో దె కారో రచన 'బొయెదో'ను విడగొట్టి, వాద్యాల మధ్య వాదప్రతివాదంగా మళ్లీ అల్లారు. వయొలిన్, చెల్లో తీగలపై కమానుతో గరగరలాడించి, చెక్కపై తట్టి, డప్పు లేకుండానే తాళం పుట్టించారు. పియాజొల్లాకు ఇష్టమైన నడక మన చెవికి కొత్తేమీ కాదు: ఎనిమిది మాత్రలను 3+3+2గా విరిచి, 'తకిట తకిట తక' అన్నట్టు సాగుతుంది.

ఆదరణ, ఆదాయం రెండూ చాలక 1958లో బృందం విడిపోయింది. పియాజొల్లా న్యూయార్క్ వెళ్లి, 1960లో తిరిగొచ్చి ఐదుగురితో కొత్త బృందం కట్టాడు. అందులో గిటార్ పట్టింది మళ్లీ మాల్విసినోయే.