కోనసీమ మండువా లోగిలి : నిర్మాణం, సామాజిక చరిత్ర, పునరుద్ధరణ

ఉపోద్ఘాతం

గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం వరకు విస్తరించిన భూభాగం కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో నేటికీ అక్కడక్కడ నిలిచి ఉన్న మండువా లోగిళ్ళు ఈ సీమ ఆర్థిక, సామాజిక చరిత్రకు ప్రత్యక్ష ఆధారాలు. శాసనాలకు, తాళపత్రాలకు దక్కిన పరిశోధనా గౌరవం ఈ ఇళ్ళకు ఇంకా దక్కవలసి ఉంది. ఒక లోగిలిని పునరుద్ధరించి సందర్శకులకు తెరిచినప్పుడు అందులో ఏ చరిత్రను నిలపాలి, ఎవరి చరిత్రను చూపాలి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నిర్మాణ స్వరూపం

మండువా ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చతురస్రాకారపు ఖాళీ ఉంటుంది. చుట్టూ ఉన్న నాలుగు వసారాల కప్పులు లోపలికి వాలి, వాననీటిని ఆ పల్లపు భాగంలోకి జారవిడుస్తాయి. అక్కడి నుండి నీరు తూము ద్వారా పెరటిలోకి పోతుంది. గాలి, వెలుతురు ఇంటి మధ్యకు చేరడానికి మార్గం ఇదే. సంస్కృత వాస్తుగ్రంథాలలోని చతుశ్శాలకు ఇది దగ్గరి రూపం. వరద భయం ఉన్న లంకభూములలో ఎత్తయిన పునాది తప్పనిసరి. వీధి అరుగు, సావిడి, మండువా, పడమటిల్లు, వంటిల్లు, పెరడు అనే వరుస బయటివారి ప్రపంచం నుండి ఇంటివారి ఏకాంతం వైపు మెట్టు మెట్టుగా సాగుతుంది.

సంపద మూలాలు

ఈ ఇళ్ళ వెనుక నీటిపారుదల చరిత్ర ఉంది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. వైనతేయ పాయపై గన్నవరం వద్ద కట్టిన అక్విడక్టు రాజోలు వైపు దీవికి కాలువ నీటిని చేర్చింది. కాలువలు పొలాలను తడపడంతో పాటు పడవ రవాణాకు కూడా దారులయ్యాయి. వరి, కొబ్బరి మిగులు సంపన్న రైతు కుటుంబాల చేతికి వచ్చింది. ఎగువ అడవుల టేకు తెప్పలుగా గోదావరి మీదుగా దిగివచ్చింది. స్తంభాలు, దూలాలు, చెక్కడపు ద్వారబంధాలు ఆ మిగులుకు కనిపించే రూపాలు.

గడపల చరిత్ర

అయితే ఆ గదుల వరుసే సామాజిక శ్రేణికి కూడా పటం వంటిది. అరుగు వరకు వచ్చేవారు, సావిడిలో కూర్చునేవారు, పెరటి దారిన మాత్రమే రాగలిగేవారు వేర్వేరు. అంటరానితనం పాటించిన కాలంలో పాలేరు శ్రమతో గాదె నిండినా, అతనికి వీధి గుమ్మం తెరుచుకోలేదు. బాల్యంలోనే వైధవ్యం పొందిన స్త్రీల జీవితం అగ్రహారపు ఇళ్ళలో వెనుక గదులకు పరిమితమైంది.

ఇందుకు సమీపంలోని రాజమహేంద్రవరం ఒక పోలికను ఇస్తుంది. కందుకూరి వీరేశలింగం (1848–1919) చొరవతో 1881 డిసెంబరు 11న అక్కడ తొలి వితంతు వివాహం జరిగింది. ఆయన జన్మగృహం నేడు స్మారక ప్రదర్శనశాలగా ఉంది. ఆ ఇంటికి విలువను తెచ్చినది ఆ గోడల మధ్య జీవించిన వ్యక్తి సంఘంతో చేసిన పోరాటం. దాని కలపకు ఉన్న విలువ ఆ తర్వాతిదే. ప్రసిద్ధుడైన యజమాని లేని కోనసీమ లోగిలికి కూడా ఇటువంటి కథనం అవసరం. అది అక్కడ నివసించినవారిని, పనిచేసినవారిని కలుపుకొని సాగాలి.

పునరుద్ధరణ : సూత్రాలు, సమస్యలు

ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలని 1964 నాటి వెనిస్ ప్రకటన నిర్దేశించింది. కొత్తగా చేర్చిన భాగం పాతదానితో ఇమిడిపోవాలి, అయినా వేరుగా గుర్తింపబడాలి అన్నది దాని మరొక సూత్రం. డెల్టా నేలలో దీనికి ఆచరణాత్మక ప్రాధాన్యం ఉంది. గానుగసున్నపు గోడ నేల నుండి పీల్చిన తేమను బయటకు వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కి ఇటుకను, దూలం కొనలను తినివేస్తుంది. బాగుచేయాలన్న సదుద్దేశమే ఇంటి ఆయువును తగ్గించవచ్చు.

చట్టపరమైన రక్షణ కూడా పరిమితం. 1958 నాటి కేంద్ర చట్టం పురాతన కట్టడానికి నూరేళ్ళ కనీస వయస్సును నిర్ణయించింది. అయితే వయస్సుతోనే రక్షణ లభించదు. జాతీయ ప్రాముఖ్యం గలదిగా ప్రకటన వెలువడాలి. వాటాల పంపకంలో చీలిన ఉమ్మడి కుటుంబపు ఇల్లు ఆ దశకు చేరకముందే స్తంభాలుగా, తలుపులుగా విడిపోతుంది. చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్ర ప్రదర్శనశాల పాత ఇళ్ళను విప్పి తెచ్చి మళ్ళీ నిలిపింది. ఈ పద్ధతి కట్టడాన్ని కాపాడుతుంది. కాలువగట్టు, కొబ్బరితోట, ఇరుగుపొరుగు మాత్రం అసలు చోటనే మిగిలిపోతాయి.

ముగింపు

మండువా లోగిలిని ఉన్నచోటనే నిలపడం ఉత్తమం. అది సాధ్యం కాని చోట విప్పకముందే కొలతలు, చిత్రాలు, దస్తావేజులు, వృద్ధుల మౌఖిక కథనాలు సేకరించడం కనీస బాధ్యత. ఈ పనిని కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు క్షేత్రపర్యటనల ద్వారా చేపట్టవచ్చు. వీధి గుమ్మంతో పాటు పెరటి గుమ్మం కథను కూడా వినిపించినప్పుడే ఆ లోగిలి చరిత్ర సమగ్రమవుతుంది.