గంప ఎవరి నెత్తిన?

కె.గంగవరంలో మా మేనత్త వాకిట్లోంచి పోయే రోడ్డు ఒకప్పుడు పుంత. వానాకాలం వచ్చిందంటే దానికి పాత రోజులు గుర్తొచ్చి మళ్ళీ పుంత అయిపోతుంది. కిందటి శ్రావణంలో పేరంటానికని పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని బయల్దేరినదాన్ని, ఓ చెప్పు బురదకి సమర్పించుకుని నాలుగిళ్ళు దాటకుండానే తిరిగొచ్చేశాను.

అత్తయ్య నవ్వింది. "రోడ్డెయ్యడం పెళ్ళి లాంటిదే అమ్మాయ్. అందరూ వస్తారు. తరవాత కాపరం ఎలా సాగుతోందో చూసేవాడే ఉండడు."

ఆ మాట పట్టుకుని పాత సంగతులు తిరగేశాను. నవలలు రాసేవాళ్ళకి ఇదో జబ్బు.

అసలు మన డెల్టాలో రోడ్డుకంటె కాలవే పెద్ద దారి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలవలు చేలకి నీళ్ళివ్వడంతో ఊరుకోలేదు, లాకులు దాటిస్తూ పడవల్నీ మోశాయి. ధాన్యం, కొబ్బరికాయలు, అత్తారింటికెళ్ళే పిల్ల, ఆ వెనకాల సారె, అన్నీ పడవమీదే. (రైలు సంగతి అడక్కండి. కోటిపల్లి దాకా వచ్చిన రైలు పట్టాల్ని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పీక్కుపోయారు. మళ్ళీ 2004లో గాని వెయ్యలేదు!)

మరి గట్ల బాగోగులో? మద్రాసు రాజధానిలో కుడిమరామత్తు అనే ఆచారం ఉండేది. చెరువులూ, పిల్లకాలవలూ ఊరివాళ్ళే బాగుచేసుకోవాలి. వినడానికి ముచ్చటగానే ఉంది. ప్రభుత్వానికీ ముచ్చటేసి 1858లో చట్టం చేసింది. గట్టు తెగేలా ఉంటే ఊళ్ళో మగవాళ్ళని పనికి పిలవచ్చట. ఎవర్ని? "కూలి వర్గాల" మగవాళ్ళని! కూలి ఇమ్మన్నారు గాని, రానంటే శిక్ష. భూమి గల ఆసామి గొడుగేసుకుని గట్టుమీద నిలబడితే మాత్రం ఆ చట్టానికి అభ్యంతరం ఉన్నట్టు లేదు.

1946లో ఫిర్కా అభివృద్ధి పథకం, 1952 గాంధీ జయంతినాడు దేశమంతటా సమాజ అభివృద్ధి పథకాలు మొదలయ్యాయి. శ్రమదానం అన్న మాట ఊరూరా వినబడింది. ఎంత చక్కటి మాట! కాని అత్తయ్యకి ఆ మాటంటే పడదు.

"దానం చెయ్యాలంటే ఇంట్లో కాస్త మిగులుండాలి కదే? రోజు కూలితో పొయ్యి వెలిగించుకునేది ఏం దానం చేస్తుంది? ఫొటోలో గంప పట్టుకున్నవాళ్ళు భోజనాలవేళకి ఇళ్ళకొచ్చేవారు. పొద్దుగూకేదాకా మోసినవాళ్ళు ఏ ఫొటోలోనూ ఉండరు."

అందుకే నాకు బంగ్లాదేశ్ కథ నచ్చింది. 1980ల మొదట్లో కేర్ సంస్థ అక్కడ మట్టిరోడ్ల మరామత్తుకి నిరుపేద స్త్రీలని తీసుకుంది. భర్త పోయినవాళ్ళు, వదిలేస్తే దిక్కులేనివాళ్ళు. కొన్ని ఊళ్ళు కలిసిన యూనియన్‌కి పదిమంది చొప్పున జట్టు. పని నేర్పి, కూలి ఇచ్చి, అందులోంచి కొంత పొదుపు చేయించారు. నేర్చుకోవలసింది బ్రహ్మవిద్యేం కాదు. రోడ్డు నడుం తాబేటి వీపులా ఎత్తుగా ఉండాలి, నీళ్ళు రెండు పక్కలకీ జారిపోవాలి. పక్క కాలవలో తుక్కు ముందే తీసెయ్యాలి. గుంట చిన్నదిగా ఉన్నప్పుడే మట్టేసి దిమ్మిసతో కొట్టాలి. తొలకరికి ముందే ఇంటి పెంకులు సర్దించుకోమూ, అలాగే.

మనకీ 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. ఆ రోడ్లని అయిదేళ్ళపాటు వేసిన కాంట్రాక్టరే చూడాలి. ఆరో ఏట ఎవరు చూస్తారన్నదే నా బెంగ.

"మీ ఊరి డ్వాక్రా ఆడవాళ్ళకి ఈ పని నేర్పిస్తే?" అన్నాను అత్తయ్యతో.

"గంప మొయ్యడం వాళ్ళకి ఒకరు నేర్పాలా? ఆ తాబేటి వీపేదో చెప్తే చాలు, పట్టేస్తారు" అంది చేటలోంచి తల ఎత్తకుండానే. "ముందు రోజుకి ఎంతిస్తారో కనుక్కో."