రంగు వెలుగుల కథ

ఉగాదినాడు పంచాంగ శ్రవణము, పిల్లల పాటలు, చివరకు ఒక నాటకము - ఇది మన సంఘమునకు ఆనవాయితీ. నిరుడు హరిశ్చంద్రలో కాటి సీను నడుస్తున్నది. వెన్నెల కొరకని వేయి వాట్ల దీపము ముందు మేము బహుమతి పొట్లములకు చుట్టే నీలి సెలోఫేన్ కాగితము కట్టినాము. పద్యము సగములో ఉండగా కాగితము ముడుచుకొని పొగ వచ్చినది. సభలోనివారు చితిపొగ అనుకొని చప్పట్లు కొట్టినారు. దీపమునకు జానెడు దూరములో నూలు తెర ఉన్నదని మాకు మాత్రమే తెలుసు. మరునాడు కమిటీలో పెద్దలు కొందరు "ఇక నాటకము మానండి, పాటల కచేరీ చాలును" అన్నారు. తప్పు నాటకముది కాదు, మా తెలియనితనముది. ఆ పిమ్మట చదివి, అడిగి తెలుసుకొన్నది ఇక్కడ మనవి చేస్తున్నాము.

రంగు కాగితము వెలుగునకు రంగు పూయదు. దీపములో ఉన్న రంగులలో ఒకదానిని పోనిచ్చి, తక్కినవి మింగుతుంది. రైల్వేలో పనిచేసే మాకు ఇది కొత్త కారాదు. కిరసనాయిలు దీపముల కాలములో సిగ్నలు అద్దమును పగలు చూస్తే నీలము కలిసిన పచ్చగా ఉండేది. పసుపు మంట దాని వెనుక వెలిగితేనే చక్కని పచ్చ కనిపించేది. ఇక మింగిన వెలుగు ఏమవుతుంది? వేడి అవుతుంది. కనుక రంగు వెలుగుల చరిత్ర అంతా వేడితో మనిషి పడిన పెనుగులాటే.

1545లో సెర్లియో అను ఇటలీ శిల్పాచార్యుడు రంగస్థలమును గురించి వ్రాస్తూ, దీపముల ముందు రంగునీటి సీసాలు పెట్టమన్నాడు. ఎరుపునకు ఎర్ర ద్రాక్షసారాయము, పసుపునకు తెల్లది. నీలమునకు నవాసాగరము - మన ఇండ్లలో పాత్రలకు కళాయి పోయువారు వాడినదే. నీరు గనుక కాలదు. కాని సీసాలు బరువు. 1770ల నాటికి లండనులోని డ్రూరీ లేన్ నాటకశాలలో లూథర్‌బర్గ్ అను చిత్రకారుడు దీపముల ముందు రంగు పట్టు గుడ్డలు పెట్టి పగలును సంధ్యగా మార్చినాడు. ఆయనకు ఏటికి 500 పౌన్ల జీతము! పట్టు తేలికే గాని మంటకు చుట్టము. 1817లో అక్కడ గ్యాసు దీపములు రాగా భయము మరీ పెరిగినది.

1881లో లండను సవాయ్ థియేటరు అంతటా విద్యుద్దీపములు పెట్టినారు. జనము జంకగా, యజమాని డాయ్‌లీ కార్ట్ వేదికమీదకు వచ్చి, వెలిగే బల్బును పలుచని గుడ్డలో చుట్టి పగులగొట్టి, గుడ్డ కాలలేదని చూపినాడు. ఆ పిమ్మట వాడుకలోనికి వచ్చినవి జిలెటిన్ కాగితములు. పశువుల ఎముకలు, తోళ్ళనుండి తీసిన జిగురును రంగు కలిపి పలుచగా ఆరబెట్టినవి. ఇవి వేడికి పెళుసెక్కేవి, చెమ్మకు మెత్తబడేవి, నీటిచుక్క పడితే కరిగేవి. తరువాత సెల్యులోజ్ ఎసిటేట్, ఆపైన పాలియెస్టర్, పాలీకార్బనేట్ వచ్చినవి. జిలెటిన్ పోయినా పేరు పోలేదు. అద్దె లైట్లవారు నేటికీ "జిలెటిన్ పేపరు" అనే అంటారు.

మన నాటకమునకు ఈ హుబ్బళ్ళి ప్రాంతముతో పాత బంధుత్వమున్నది. ధార్వాడ నాటక సమాజమువారు ఆంధ్రదేశమునకు వచ్చి ఆడిపోయిన పిమ్మటనే 1880లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచేత నాటకములాడించినారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన సమాజము తెరలతో, దీపములతో చేసిన మాయలు మన తాతలు చెప్పగా విన్నవే. ఇక్కడినుండి అక్కడికి వెళ్ళిన దీపమును, ఇక్కడికి వచ్చి స్థిరపడిన మనమే ఆర్పుకొనవచ్చునా?

ఇక మనము చేయవలసినది ఎంతో లేదు. దీపముల కొరకే చేసిన కాగితమే కొనవలెను. దానిని అద్దమునకు ఆనించక చట్రములో బిగించి, గాలి ఆడునట్లు ఎడముగా పెట్టవలెను. ముదురు నీలము నూటికి అయిదు పాళ్ళ వెలుగును కూడ పోనీయదు. తక్కినది మింగి అందరికంటె ముందు మాడేది అదే. కనుక వెన్నెలకు లేతనీలము వాడి, మిగిలిన దీపములు తగ్గించుట మేలు. ఎర్రచీర కట్టిన పాత్రమీద పచ్చ వెలుగు వేస్తే చీర నల్లబడుతుంది. డ్రెస్సు రిహార్సలులోనే చూసుకొనవలెను. ఆట కాగానే చల్లారనిచ్చి, తుడిచి, మూలను నంబరు వేసి, తెల్ల కాగితముల నడుమ పరచి దాచవలెను. మడతపెట్టరాదు. తెల్లగోడ మీద వెలుగు వేసి చూస్తే నడిమి రంగు వెలిసినదీ లేనిదీ తెలుస్తుంది.

ఈనాటి ఎల్.ఇ.డి. దీపములకు కాగితమే అక్కరలేదు. ఎరుపు, పచ్చ, నీలము వేరువేరుగా వాటిలోనే పుడతాయి. కాని అవి మనకు సమకూరే వరకు పాత దీపములే గతి. ఈ ఏడు నాలుగు చట్రములు, పన్నెండు కాగితములు కొనుటకు, తెరలను దీపములకు దూరముగా కట్టుటకు కమిటీవారు అనుమతించినారు. కాటి సీనులో ఈసారి పొగ రాదు. పెద్దలందరు పిల్లలతో వచ్చి ముందు వరుసలో నిశ్చింతగా కూర్చుండ ప్రార్థన. అందరికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.