పూర్వగ్రంథములు, ముస్లిముల విశ్వాసము: ఒక దృష్టి పుట్టుపూర్వోత్తరములు

హజ్జు యాత్రాకాలము సమీపించినపుడు హైదరాబాదు నాంపల్లిలోని హజ్ హౌసు నుండి బయలుదేరి శంషాబాదు విమానాశ్రయము చేరు యాత్రికులను, కుట్టులేని రెండు తెల్లని వస్త్రములను ఇహ్రాముగ ధరించి లబ్బైక్ అని పలుకుచు నిలిచిన వృద్ధులను, వారిని సాగనంపవచ్చిన బంధుజనమును చూచినవారికి, ఆ ప్రయాణము ఒక్క మతమునకు మాత్రమే చెందిన వ్యవహారముగ తోచుట సహజము. కాని వారు మక్కాలో ఆచరింపబోవు విధులలో ముఖ్యమైనవి, సఫా మర్వా గుట్టల నడుమ ఏడుమారులు నడచుటయు, ఖుర్బానీ యిచ్చుటయు, ఇబ్రాహీము ప్రవక్త కుటుంబవృత్తాంతమును స్మరించుటకై యేర్పడినవి. ఆ ఇబ్రాహీమే యూదుల తోరాలోను, క్రైస్తవుల బైబిలులోను అబ్రాహామను పేర కనబడు మహాపురుషుడు. అదే శంషాబాదు పేరిట 2017 అక్టోబరు 10వ తేదీన పోపు ఫ్రాన్సిస్ సీరో మలబారు క్రైస్తవులకొక మేత్రాసనమును నెలకొల్పగా, అప్పటికున్న వారి మేత్రాసనముల హద్దులలోనికి రాని భారతభూభాగమంతయు దాని పరిధిలోనికి వచ్చినది. పెషిత్తా యను సురియానీ బైబిలు ఆ సంఘమునకు తరతరముల వారసత్వము. సురియానీ భాషయో, అరబ్బీకిని హీబ్రూకును సోదరి. ఇట్లు ఒక్క యూరితో సంబంధము గల రెండు సమాజములలో, ముస్లిములు తమకు పూర్వులైన యూదక్రైస్తవుల గ్రంథములను ఏ దృష్టితో చూచుచున్నారు, ఆ దృష్టి యెచట పుట్టి యెట్లు పెరిగినది అను విషయము విచారింపదగియున్నది.

మక్తబులో ఓనమాలు నేర్చు ముస్లిము బాలునిచేత మొదట వల్లెవేయించు విశ్వాసవాక్యములలో, అల్లాహునందును, దైవదూతలయందును నమ్మకమును ప్రకటించిన వెంటనే, ఆయన గ్రంథములయందు నమ్మకము అను మాట బహువచనమున వచ్చును. మూసా (మోషే) ప్రవక్తకు తౌరాతు, దావూదునకు (దావీదు) జబూరు, ఈసాకు (యేసు) ఇంజీలు, ముహమ్మదు ప్రవక్తకు ఖుర్ఆను అనుగ్రహింపబడెననియు, వానికి ముందు ఇబ్రాహీమునకు కొన్ని పత్రములు దిగినవనియు ఆ బాలుడు నేర్చుకొనును. ఇది పరమతములయెడ చూపు మర్యాద కాదు, విశ్వాసాంగము. తౌరాతు దైవదత్తము కాదన్నవాడు ఖుర్ఆనును కాదన్నవాడే యగునని వారి ధర్మశాస్త్రము. అయితే ఇచట పలువురు పొరబడుచుందురు: ముస్లిములు విశ్వసించు ఇంజీలు ఈసాకు స్వయముగ అందిన దైవసందేశము, క్రైస్తవుల చేతిలోనున్నవో, ఆయన జీవితమును గూర్చి మత్తయి, మార్కు, లూకా, యోహానుల పేర వెలసిన నాలుగు సువార్తలు. ఈ భేదమును మరచి వాదమునకు దిగినవారు, ఇరుపక్షములవారును, ఒకరి మాట నొకరు వినకయే శతాబ్దములు గడిపిరి.

ఈ దృష్టికి స్పష్టమైన రూపు వచ్చినది మదీనాలో. 622లో ముహమ్మదు ప్రవక్త ఆ నగరమునకు వలసపోయినపుడు అచట యూదతెగలు నివసించుచుండెను. వారి పాఠశాలయు, వారి పండితులును, వారి గ్రంథమును నూతనసమాజమునకు నిత్యపరిచితములైనవి. ఒక వ్యభిచారాభియోగమున తీర్పు చెప్పుమని యూదులు తమ పాఠశాలకు పిలువగా, ప్రవక్త తౌరాతును తెప్పించి, తాను కూర్చున్న దిండును తీసి దానిపై ఆ గ్రంథము నుంచి, నిన్నును నిన్ను అవతరింపజేసినవానిని విశ్వసించుచున్నానను భావముగల మాట పలికెనని అబూదావూదు హదీసు (ప్రవక్త వచనచర్యల) సంకలనము చెప్పుచున్నది. ఖుర్ఆను ఐదవ సూరా (అధ్యాయము) తౌరాతునందును ఇంజీలునందును మార్గదర్శనమును వెలుగును కలవని ప్రకటించి, తాను వానిని ధ్రువపరచుచు వానిపై పర్యవేక్షకస్థానమున నిలిచినదని చెప్పుకొన్నది. ఆ ఖుర్ఆనే మరికొన్ని తావులలో, పూర్వగ్రంథములవారిలో కొందరు మాటలను వాని స్థానములనుండి తప్పించిరని నిందించినది. యూదులు తౌరాతును హీబ్రూలో చదివి అరబ్బీలో వివరించునపుడు వారిని నిజమనియు అనవలదు, అబద్ధమనియు అనవలదు అని ప్రవక్త బోధించినట్లు బుఖారీ సంకలనము తెలుపుచున్నది. గౌరవము, అభియోగము, సంయమనము అను మూడును ఆరంభముననే యొక్కచోట నున్నవి. తరువాతి పండితుల విభేదములన్నియు వీనిలో దేనికెంత బరువీయవలె నను ప్రశ్ననుండి పుట్టినవే.

తప్పించినది మాటలనా, అర్థమునా? అరబ్బీలో తహ్రీఫు అనబడు ఈ వివాదములో 11వ శతాబ్దపు కొర్దోబా పండితుడు ఇబ్న్ హజ్ము పాఠమే చెడినదని ఖండితముగ వాదించెను. 15వ శతాబ్దమున కైరోలో అల్ బిఖాయీ, తన ఖుర్ఆను వ్యాఖ్యానములో బైబిలు పాఠములను విరివిగ ఉదాహరించి, సమకాలికుల ఆక్షేపణకు గురియై, తన పద్ధతిని సమర్థించుకొనుచు ప్రత్యేకగ్రంథమే వ్రాయవలసివచ్చెను. మన దేశమున 1854 ఏప్రిలులో ఆగ్రాలో మౌలానా రహ్మతుల్లా కైరానవీకిని, జర్మను మతప్రచారకుడు ఫాండరునకును ఇదే విషయమై జరిగిన బహిరంగవాదము ప్రసిద్ధము. ఆ వాదపు కటుత్వము చల్లారకముందే, 1862లో సర్ సయ్యద్ అహమద్ ఖాన్ బైబిలుకు ఉర్దూలో వ్యాఖ్యానమును ప్రకటింపనారంభించి, మార్పు ప్రధానముగ అర్థవివరణలో జరిగినదే గాని మూలపాఠమున కాదనెను. ఒక ముస్లిము బైబిలుకు వ్యాఖ్యానము వ్రాయబూనుట ఆనాటికి గొప్ప సాహసము.

అయితే ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలిగ ఆకర్షించిన పురుషుడు మన హైదరాబాదులో కొంతకాలము నివసించిన మౌలానా హమీదుద్దీన్ ఫరాహీ. ఆజంగఢ్ ప్రాంతమున 1863లో జన్మించిన ఈయన, అలీగఢ్ కళాశాలలో అరబ్బీ బోధింపవచ్చిన జోసెఫ్ హోరొవిట్జ్ అను జర్మను యూదపండితుని యొద్ద హీబ్రూ నేర్చుకొనెను. అప్పటికే విద్వాంసుడుగ పేరొందిన ముస్లిము, యూదుల గ్రంథమును వారి భాషలోనే చదువదలచి, యూదునకు శిష్యుడగుట యెంతటి ఔదార్యము! 1914లో ఫరాహీ హైదరాబాదు దారుల్ ఉలూమునకు అధ్యక్షుడై వచ్చి, 1919 వరకు ఈ నగరముననే యుండెను. ఖుర్ఆనును అర్థము చేసికొనుటకు ఖుర్ఆనే ప్రధానాధారమనియు, దాని తరువాత హదీసులు, జాతుల చరిత్రలతోపాటు పూర్వగ్రంథములును తోడ్పడవలెననియు ఆయన సిద్ధాంతము.

ఆ సిద్ధాంతమును ఆయన పరీక్షించిన తావు, దైవాజ్ఞపై ఇబ్రాహీము తన కుమారుని బలియీయబూనిన కథయే. ఖుర్ఆను 37వ సూరా ఆ కుమారుని పేరు చెప్పదు. తొలివ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడైన తబరీ ఆ బాలుడు, బైబిలులో ఇస్సాకనబడు ఇస్‌హాఖే యని నమ్మెను. కాలక్రమమున, బైబిలు ఇష్మాయేలని పిలుచు ఇస్మాయీలు పక్షమే ముస్లిములలో స్థిరపడినది. ఫరాహీ ఈ ప్రశ్నపై ప్రత్యేకగ్రంథము రచించి, తన సాక్ష్యమును బైబిలునుండియే తెచ్చెను. ఆదికాండము 22వ అధ్యాయము నీ యొక్కగానొక్క కుమారుడని చెప్పుచున్నది గదా. అదే ఆదికాండము ప్రకారము అబ్రాహామునకు 86 యేండ్ల వయస్సున ఇష్మాయేలును, 100 యేండ్ల వయస్సున ఇస్సాకును పుట్టిరి గదా. ఒక్కగానొక్కడనుట ఆ నడిమి పదునాలుగేండ్లలోనే, అదియు ఇష్మాయేలునకే చెల్లును గదా యని ఆయన తర్కము. బలిస్థలమైన మోరియా మక్కాలోని మర్వాయే యనియు ఆయన యూహించెను. యూదులు దీని నంగీకరింపరు. వాగ్దానపుత్రుడు ఇస్సాకొక్కడే గనుక ఆ మాట యతనికే తగునని వారి సమాధానము. మోరియాను గూర్చిన యూహ నాకును బలహీనముగనే తోచును. కాని పరగ్రంథమును దూషించుటకు గాక, సాక్షిగ నిలుపుటకు చదివిన ఆ పద్ధతి వాదఫలితముకంటె గొప్పది.

ఫరాహీ వెడలిన కొలది సంవత్సరములకు, 1925లో, ఆంగ్లికన్ మతాచార్యుని కుమారుడై పుట్టి ఇస్లామును స్వీకరించిన మార్మడ్యూక్ పిక్తాల్ నిజాము కొలువులో చేరి, చాదర్‌ఘాట్ ఉన్నతపాఠశాలకు అధ్యక్షుడయ్యెను. నిజాము పూర్తి జీతముతో సెలవీయగా ఆయన ముగించిన ఆంగ్ల ఖుర్ఆను 1930లో వెలువడినది. తెలుగున క్రొత్తనిబంధన 1818 నాటికే అచ్చయియుండగా, ఖుర్ఆనును తెలిగించినవాడు భాషాచరిత్రకారుడైన చిలుకూరి నారాయణరావు, ముస్లిము గాని పండితుడు. ఒకరి గ్రంథమును మరియొకరు శ్రద్ధతో చేపట్టుట మన నేలకు క్రొత్త గాదు.

నేడు బైబిలు, ఖుర్ఆను రెండును తెలుగున సులభముగ లభించుచున్నవి. ఆదికాండము 22వ అధ్యాయము మిక్కిలి చిన్నది. ఖుర్ఆను 37వ సూరాలో బలికథ పది పండ్రెండు వాక్యములకు మించదు. ఏ పక్షపు వాదమునైనను నమ్ముటకు ముందు, పాఠకులు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని తామే చదువవలెనని నా మనవి.