పియానో మూసి పాట నేర్పిన దేశం

1925 వసంతకాలం. హంగేరీలో బుడాపెస్ట్‌ను ఆనుకుని ఉన్న బుడా కొండల మీదికి కొందరు ఆడపిల్లలు విహారానికి వచ్చారు, గొంతెత్తి పాడుకుంటున్నారు. అటు షికారుకు వచ్చిన ఓ నలభై రెండేళ్ల మనిషి పొదచాటున కూర్చుని అరగంట పాటు విన్నాడు. వింటున్నకొద్దీ గుండె జారిపోయిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు. వాళ్లు పాడుతున్నవన్నీ చవకబారు పాటలు. దానికేం, పిల్లలు కదా అని వదిలేసేవాడేమో గానీ, ఆ అమ్మాయిలు ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవాళ్లు. రేపు పల్లెపల్లెకూ వెళ్లి పిల్లలకు పాట నేర్పబోయేది వాళ్లే.

ఆయన పేరు జోల్తాన్ కోదాయ్. రైల్వే ఉద్యోగి కొడుకు. 1882లో కెచ్‌కెమేట్‌లో పుట్టి, గలాంతా అనే చిన్న ఊళ్లో పెరిగాడు. 1905 నుంచి ఫోనోగ్రాఫ్ పెట్టె మోసుకుని పల్లెలు తిరుగుతూ, రైతుల పాటల్ని మైనపు సిలిండర్ల మీద పట్టాడు. మిత్రుడు బేలా బార్తోక్‌తో కలిసి 1906లో ఇరవై జానపద గీతాల సంపుటం అచ్చు వేశాడు. అదే ఏడాది జానపద గీతాల చరణ నిర్మాణం మీద డాక్టరేటు పొందాడు. 1923లో బుడా, పెస్ట్ నగరాలు ఒకటై యాభై ఏళ్లు నిండిన సందర్భంగా రాసిన ‘సాల్ముస్ హంగారికుస్’తో దేశంలో పెద్ద స్వరకర్తగా స్థిరపడ్డాడు. అంతటి పేరున్న మనిషి ఆ తర్వాత నలభై ఏళ్లపాటు తన శక్తిలో చాలా భాగాన్ని బడిపిల్లల పాట పీరియడ్ మీద పెట్టడం సంగీత చరిత్రలో మామూలు విషయం కాదు. సింఫనీలు వదిలి చిన్నపిల్లల పాటలేమిటని సాటివాళ్లు జాలిపడినా ఆశ్చర్యం లేదు.

మొదట చేసింది పాఠ్యప్రణాళిక రాయడం కాదు, పాటలు రాయడం. 1925లోనే బుడాపెస్ట్‌లోని ఒక బడి బాలుర బృందం కోసం రెండు పాటలు కట్టాడు. 1929లో బాలల బృందగానాల మీద ఒక వ్యాసం రాశాడు. ఒపెరా దర్శకుడి కంటే పల్లెటూరి బడిపంతులే ముఖ్యుడని అందులో వాదించాడు. చెడ్డ దర్శకుడు ఒకసారి విఫలమై పోతాడు. చెడ్డ పంతులు మాత్రం ముప్పై ఏళ్ల పాటు ముప్పై జట్ల పిల్లల్లో సంగీతం మీది ఇష్టాన్ని చంపుతూనే ఉంటాడన్నది ఆయన లెక్క. మనిషికి సంగీతం పట్టే వయసు ఆరు నుంచి పదహారు దాకానని, ఆ లోపల ఒక్కటైనా గొప్ప అనుభవం దొరికితే జీవితాంతం నిలుస్తుందని, దాన్ని అదృష్టానికి వదిలేయకుండా బడే కల్పించాలని కూడా అన్నాడు. పదహారు అన్న ఆ పై హద్దును గమనించాలి. హైస్కూలు పిల్లలు ఆయన లెక్కలో మొదటినుంచీ ఉన్నారు.

ఇక నేర్పే సాధనం. కోదాయ్ పద్ధతి అనగానే ప్రపంచమంతా చేతి సంజ్ఞలే గుర్తు చేసుకుంటుంది. పిడికిలి పట్టుకుంటే ‘దో’, అరచేతిని నేలకు సమాంతరంగా పెడితే ‘మి’, చూపుడువేలు పైకి పెడితే ‘తి’. ఇవి ఆయన కనిపెట్టినవి కావు. పదకొండో శతాబ్దంలో గీదో అనే ఇటాలియన్ సన్యాసి పాడేవారి కోసం స్వరాలకు అక్షరాలు పెట్టాడు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని నారిచ్ పట్టణంలో సారా గ్లోవర్ అనే పాదిరీ కుమార్తె, తన బడి పిల్లల కోసం దాన్ని తేలిక చేసింది. జాన్ కర్వెన్ అనే మరో పాదిరీ ఆ పద్ధతిని తీసుకుని సంజ్ఞలు చేర్చి, పుస్తకాలు అచ్చు వేసి సామాన్యుల్లోకి తీసుకెళ్లాడు. లయకు వాడే ‘తా’, ‘తి-తి’ వంటి అక్షరాలు ఫ్రాన్స్‌లో షెవే అనే ఉపాధ్యాయుడి వైపు నుంచి వచ్చాయి. 1920ల చివర్లో కోదాయ్ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు అక్కడి మామూలు గాయక బృందాలు స్వరలిపి చూసి అలవోకగా పాడటం విని ముగ్ధుడయ్యాడు. ముక్కలన్నీ పాతవే, వాటిని ఒకచోట చేర్చి తన దేశపు పాటకు అతికించడమే ఆయన చేసింది. ఆయన పేరు మీద చెలామణీ అయ్యే ‘పద్ధతి’కి ఆయన రాసిన కైపుస్తకం కూడా లేదు. శిష్యుడు యెనో ఆదామ్ 1944లో ఉపాధ్యాయుల కోసం రాసిన పుస్తకం, ఆ తర్వాతి పాఠ్యపుస్తకాలే ఆ పని చేశాయి.

కర్ణాటక సంగీతం కాస్త నేర్చినవాళ్లకు ఇక్కడ నవ్వు వస్తుంది. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్న ముఖ్య విషయం, ‘దో’ ఎక్కడైనా ఉండొచ్చా, లేక పియానోలో ఫలానా మెట్టుకే కట్టుబడి ఉండాలా అన్నది. మన షడ్జమం ఎప్పుడూ కదిలేదే. అయ్యవారు ఒంటి శ్రుతిలో పాడినా, అమ్మాయి అయిదు శ్రుతిలో పాడినా స అంటే స. కోదాయ్ కోరుకున్న సౌకర్యం మనకు పుట్టుకతో వచ్చింది. కానీ రెండూ అచ్చంగా ఒకటే అనుకుంటే పొరపాటు. మనకు రాగం ఏదైనా ఆధారం స. వాళ్లకు మేజర్ స్కేలయితే ‘దో’ ఆధారం, మైనర్ అయితే ‘లా’ ఆధారం. అంటే ఒకే మెట్ల వరుస మీద గ్రహభేదం చేసినట్టు పేర్లు నిలిచి ఆధారం మారుతుంది.

అసలైన తేడా మొదటి పాఠంలో ఉంది. హంగేరీ పాత జానపద గీతాలు చాలావరకు అయిదు స్వరాల వరుసలో ఉంటాయి: లా, దో, రే, మి, సో. మన లెక్కలో అది శుద్ధధన్యాసి. దాన్నే ‘దో’ నుంచి పాడితే మోహన. ఈ రెండింటిలోనూ అరస్వరం దూరంలో పక్కపక్కన ఉండే స్వరాలు లేవు. చిన్నపిల్లలు అరస్వరాన్ని పలికించలేక తప్పిపోతారు కాబట్టి, మొదట అరస్వరం లేని వరుసలోనే గొంతు స్థిరపడాలని కోదాయ్ పట్టుబట్టాడు. ‘సో’, ‘మి’ అనే రెండు స్వరాల మధ్య ఊగే బాలగీతాలతో మొదలుపెట్టి, మెల్లగా మిగతావి చేర్చుతూ పోతారు. మనమో? పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెప్పే సరళీ స్వరాలు మాయామాళవగౌళలో ఉన్నాయి. స-రి, గ-మ, ప-ద, ని-స: నాలుగు చోట్ల అరస్వరాలు. కోదాయ్ చివరికి నెట్టినదాన్ని మనం మొదటి రోజే పిల్ల నోట పెడతాం.

ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పడం సులువు, అందుకే అనుమానించాలి. మాయామాళవగౌళ పిల్లకు ఎదురుగా గురువు ఉన్నాడు, వెనక తంబూరా మోగుతోంది, పూర్వాంగం ఎలా ఉందో ఉత్తరాంగమూ అలాగే ఉంది. ఆ నిరంతర షడ్జ పంచమాలను పట్టుకుని రిషభం ఎంత దగ్గరో చెవి తనంతట కొలుచుకుంటుంది. ముప్పై నలభై మంది పిల్లలు, తంబూరా లేని తరగతి గది, సంగీతంలో విద్వాంసుడు కాని పంతులు: కోదాయ్ ఎదుట ఉన్న పరిస్థితి ఇది. ఒకటి ఇష్టపడి వచ్చిన శిష్యుడి కోసం పుట్టిన విద్య, మరొకటి బెంచీ మీద కూర్చున్న ప్రతి పిల్లాడి కోసం.

తంబూరా లేని లోటును ఆయన తీర్చుకున్న తీరు చూడండి. పియానోను తరగతి నుంచి దాదాపు వెలివేశాడు. పియానో మెట్లు సర్దుబాటు చేసినవి కాబట్టి దాని వెంట పాడితే గొంతుకు శుద్ధ స్వరం పట్టుబడదని, గొంతును సరిదిద్దగలిగేది మరో గొంతేనని ఆయన నమ్మకం. అందుకే తరగతిని రెండుగా చీల్చి, రెండు వేర్వేరు వరుసలు ఒకేసారి పాడించాడు. 1937లో మొదలైన ‘బిచీనియా హుంగారికా’ సంపుటాలు ఈ రెండు గొంతుల పాటలే. పక్కవాడి వరుస వింటూ తన వరుస నిలుపుకోవాలి; పట్టు తప్పితే వెంటనే తెలిసిపోతుంది. అపశ్రుతి పట్టివ్వడానికి బెత్తం పట్టుకున్న మాస్టారు అక్కర్లేదు.

హైస్కూలు ఈడు వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. మగపిల్లల గొంతు పన్నెండు, పదిహేనేళ్ల మధ్య బొంగురుపోయి, దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. నిన్నటిదాకా పైన పాడినవాడు ఈరోజు నోరు తెరవడానికి సిగ్గుపడతాడు. చాలా దేశాల్లో పాట పీరియడ్ చచ్చిపోయేది ఈ తరగతుల్లోనే. కదిలే ‘దో’ ఇక్కడ పనికొస్తుంది, గొంతు దిగినా స్వరం పేరు మారదు కాబట్టి. అయినా అంతకంటే పెద్ద అవసరం, పధ్నాలుగేళ్ల వాడికి నామోషీ కలిగించని పాట. కోదాయ్ శిష్యులు లాయోష్ బార్దోష్, జ్యోర్జ్ కెరేన్యి 1930ల్లో ‘మజ్యార్ కోరుష్’ అనే ప్రచురణ సంస్థ పెట్టి, బృందగాన స్వరలిపులు చవకగా అచ్చు వేసి పంచారు. 1934లో ‘పాడే యువత’ పేరుతో బడి బృందాల కచేరీలు మొదలయ్యాయి. బార్తోక్ కూడా ఊరుకోలేదు. 1935లో బాలల, స్త్రీల గొంతుల కోసం ఇరవై ఏడు చిన్న బృందగీతాలు రాశాడు. వాటిలో పిల్లల కోసమని పలుచన చేసిన సంగీతం లేదు. ఆ రోజుల్లో ప్రపంచంలోని పెద్ద స్వరకర్తల్లో ఇద్దరు, ఒకే నగరంలో కూర్చుని ఏడో తరగతి పిల్లల కోసం పాటలు కట్టడం మరెక్కడైనా జరిగిందా? నాకు తెలిసి లేదు.

యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. 1950లో రెండు సంగతులు జరిగాయి. ‘మజ్యార్ కోరుష్’ మూతపడింది. అదే ఏడు కోదాయ్ సొంత ఊరు కెచ్‌కెమేట్‌లో, మార్తా నెమెష్‌సెగి ఆధ్వర్యంలో మొదటి సంగీత ప్రాథమిక పాఠశాల తెరుచుకుంది. రోజూ పాట పీరియడ్ ఉండే బడి అది. లెక్కలకూ చదువుకూ దక్కే గౌరవం పాటకూ దక్కింది. 1960ల మధ్యకు ఇలాంటి బడులు వందకు పైగా వచ్చాయి. 1964లో సంగీత విద్య అంతర్జాతీయ సదస్సు బుడాపెస్ట్‌లో జరిగినప్పుడు, పన్నెండేళ్ల పిల్లలు ఎన్నడూ చూడని స్వరలిపిని చూసి రెండు గొంతుల్లో పాడుతుంటే విదేశీ ఉపాధ్యాయులు నోళ్లు వెళ్లబెట్టారు. అక్కడి నుంచే ఆ పేరు అమెరికాకూ, జపాన్‌కూ, ఆస్ట్రేలియాకూ పాకింది.

తెలుగునేల మీద చూస్తే, 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రధానాచార్యుడు, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు. యౌవనంలో ఆ ఊరు చేరిన ఘంటసాల మధుకరం ఎత్తుకుని తింటూ నేర్చుకున్న సంగతి అందరికీ తెలుసు. సంస్థలూ విద్వాంసులూ మనకు కరువు కాలేదు. కానీ అవి వెతుక్కుంటూ వచ్చినవాడికి తలుపు తీసినవి. రామాయణం పద్యం రాగయుక్తంగా చదివించే తెలుగు మాస్టారు ఎదురైతే తప్ప, మామూలు హైస్కూలు పిల్లాడి టైంటేబుల్లో పాటకు చోటు లేదు. ‘సంగీతం వచ్చిన పిల్ల’ అనే మాట మన ఇళ్లలో వినిపిస్తుంది గానీ, సంగీతం రాని పిల్లకు ఎవరు నేర్పాలన్న ప్రశ్న బడి గడప దాటి రాలేదు.

1967 మార్చి 6న కోదాయ్ కన్నుమూశాడు. 1975లో కెచ్‌కెమేట్‌లో ఒక పాత సన్యాసాశ్రమాన్ని బాగు చేయించి, ఆయన పేరిట సంస్థ ఏర్పాటు చేశారు. దేశదేశాల ఉపాధ్యాయులు అక్కడికి వచ్చి నేర్చుకుంటారు. జానపద సంగీతాన్ని ఆయన ఆలోచనా విధానంతో కాపాడుకునే తీరును 2016లో యునెస్కో మంచి పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది. హంగేరీలో మాత్రం బొమ్మ అంత అందంగా లేదు. రోజూ పాట ఉండే బడులు తగ్గిపోయాయి. మామూలు బడుల్లో పాట పీరియడ్ వారానికి ఒకటో రెండో, పై తరగతుల్లో ఇంకా తక్కువ. చేతి సంజ్ఞలు మోసుకుపోవడానికి తేలిక కాబట్టి ప్రపంచమంతా తిరిగాయి. రోజుకో పీరియడ్ అన్న షరతును ఏ దేశపు టైంటేబులూ అంత తేలిగ్గా తలకెత్తుకోలేదు. వేరే దేశాల్లో ఆ పద్ధతి పాటించినవాళ్లు మొదటి పాఠానికే ఇంకో పని పడిందని గుర్తించారు. హంగేరీ పాటలు తమ పిల్లలకు పనికిరావు, తమ పల్లెల పాటలు తామే వెతుక్కోవాలి. అమెరికా ఉపాధ్యాయులు పాత జానపద గీతాల సంపుటాలు దుమ్ము దులిపి, ఏ పాటలో ఏ స్వరాలున్నాయో వరుసగా పట్టికలు వేసుకుంటూ కూర్చున్నది అందుకే.