దీపానికి కట్టిన వల



మా చిన్నతనంలో వానాకాలపు రాత్రులు చెరువుగట్టు వైపు పోవద్దని, అక్కడ కొరివిదయ్యాలు తిరుగుతాయని పెద్దలు వారించేవారు. చిత్తడి నేలలో ఆకులలములు కుళ్ళగా పుట్టిన వాయువు అంటుకోవడమే ఆ దయ్యమని కొందరు విజ్ఞులు చెబుతారు. దయ్యం మాట ఎలా ఉన్నా ఆ వాయువు మాత్రం నిజం. దాని పేరు మీథేన్. ఈమధ్య మా వీధిలోని వంటిళ్ళకు గొట్టాల ద్వారా వస్తున్నదీ ప్రధానంగా అదే. దయ్యాన్ని మచ్చిక చేసుకొని పొయ్యి వెలిగించుకుంటున్నామన్నమాట! ఈ మచ్చికకు మానవుడు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు.

1776లో ఇటలీ పండితుడు అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు అంచున కర్రతో బురదను కదిపాడు. పైకి వచ్చిన బుడగలను నీరు నింపి బోర్లించిన సీసాలోకి పట్టి, నిప్పు చూపి, అది మండే వాయువని గ్రహించాడు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి బరువులో సగానికి కొంచెం ఎక్కువ తూగుతుంది గనుక పైకప్పును ఆశ్రయిస్తుంది. గాలిలో నూటికి సుమారు 5 పాళ్ళకు తగ్గినా, 15 పాళ్ళకు మించినా అంటుకోదు. ఆ రెంటి నడుమ ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు.

బొగ్గు పొరలలోనూ ఈ వాయువు దాగి ఉంటుంది. ఇంగ్లండు గని కార్మికులు దీనిని ఫైర్‌డాంప్ అన్నారు. ఇక్కడ డాంప్ అంటే తేమ కాదు. ఆవిరి అనే అర్థం గల జర్మను మాటకు అది చుట్టం. ఆ రోజులలో ఒక కార్మికుడు తడిగుడ్డలు కప్పుకొని నేలపై పాకుతూ, పొడవాటి కర్ర చివర కట్టిన మంటతో పైకప్పున చేరిన వాయువును ముందుగానే కాల్చివేసేవాడు. అతని ప్రాణానికి అదృష్టమే దిక్కు.

1812 మే 25న ఉత్తర ఇంగ్లండులోని ఫెల్లింగ్ గని పేలి 92 మంది మరణించారు. వారిలో పలువురు బడిలో ఉండవలసిన వయసు పిల్లలు. స్థానిక మతాచార్యుడు జాన్ హాడ్జ్‌సన్ గని యజమానుల ఆగ్రహానికి వెరవక ఆ దారుణాన్ని వివరంగా వ్రాసి ప్రకటించాడు. దాని ఫలితంగా కదలిక పుట్టింది. 1815లో సర్ హంఫ్రీ డేవీని ఆశ్రయించారు. మంటను సన్నని లోహపు వల చుట్టి బంధిస్తే, వల వేడిని పీల్చుకుంటుంది గనుక జ్వాల వెలుపలికి పోదని ఆయన కనిపెట్టాడు. 1816 జనవరిలో ఆ దీపాన్ని గనిలో పరీక్షించారు. వాయువు ఉన్నచోట దీపజ్వాల మీద నీలికిరీటం పొడసూపుతుంది. కనిపించని దానిని ఆ విధంగా కంటికి చూపించింది. డేవీ దీనిపై పేటెంటు తీసుకోలేదు. అది ఆయన ఔదార్యం.

అయితే అదే కాలంలో జార్జి స్టీఫెన్‌సన్ అనే గని యంత్రపు పనివాడు, చిన్ననాట బడి మెట్లెక్కని వాడు, తన దీపాన్ని తానే గనిలోకి తీసుకుపోయి ప్రాణాలొడ్డి పరీక్షించుకున్నాడు. చదువులేని వాడు స్వయంగా ఇంతటిది కనిపెట్టగలడని డేవీ నమ్మలేదు. 1833లో పార్లమెంటు సంఘం ఇద్దరికీ సమాన గౌరవం దక్కుతుందని తేల్చింది. ఏళ్ళ తరబడి వెనుక బెంచీల పిల్లలను చూసిన నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. నేను గుర్తించలేకపోయిన స్టీఫెన్‌సన్‌లు ఎందరో!

కథ సుఖాంతమని భ్రమపడరాదు. దీపానికి ముందు 18 ఏళ్ళలో డర్హం, నార్తంబర్లండు గనులలో మరణాలు 447 కాగా, తరువాతి 18 ఏళ్ళలో 538 అని 1835 నాటి పార్లమెంటు సంఘం లెక్క తేల్చింది. దీపం ఉన్నదన్న ధీమాతో, ప్రమాదమని మూసిన గనులను తిరిగి తెరిచారు. గాలి ఆడే మార్గాలను ఉపేక్షించారు. వల చిరిగినా, ఎర్రగా కాలినా, గాలి విసురు ఎక్కువైనా మంట వెలుపలికి వచ్చేది. సాధనం జాగ్రత్తకు తోడే గాని బదులు కాదు.

కంటికి దీపం దొరికింది. ముక్కుకు ఆసరా మరొక శతాబ్దానికి గాని దొరకలేదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో న్యూ లండన్ పాఠశాల నేల క్రింద కారి చేరిన వాయువు పేలింది. మూడు వందల మంది వరకు పిల్లలు, ఉపాధ్యాయులు మరణించారు. వాసన లేనందున ఎవరికీ తెలియలేదు. ఆ తరువాతనే వాయువులో దుర్వాసన కలపాలని అక్కడ చట్టం చేశారు. వంటింట్లో మనకు తగిలే ఆ కంపు ఆ బడిపిల్లల స్మారకచిహ్నమని నాకు తోస్తుంది.

మన కోనసీమలోనూ 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గొట్టం నుండి కారిన వాయువు అంటుకొని ఇరవై మందికి పైగా బలయ్యారు. కనుక ఒక్క మాట. గ్యాసు వాసన వస్తే అగ్గిపుల్ల గీయవద్దు. స్విచ్చి వేయనూ వద్దు, తీయనూ వద్దు. గొట్టం మీట కట్టి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, బయటికి వెళ్ళి ఫోను చేయండి. సిలిండరు గ్యాసు బరువైనది గనుక నేలను అంటిపెట్టుకుంటుంది. మీథేన్ పైకి పోతుంది. దాని కోసం కిటికీల పైభాగం కూడా తెరిచి ఉంచాలి.

ఆ కంపు వచ్చినప్పుడు ముక్కు మూసుకొని ఊరుకోకండి. అది మనకోసం కొనిపెట్టిన హెచ్చరిక, చాలా ఖరీదు పెట్టి కొన్నది.